రాళ్ల వెంట రెండు రోజులు: ఓర్వకల్లు నుంచి ఎర్రగుడి దాకా

కర్నూలులో కారు తీశామంటే మంత్రాలయమో మహానందో అయి ఉంటుంది. ఈసారి జూన్‌లో తొలకరి పడ్డాక, దారి పక్కన ఉండే వింతలు మాత్రమే చూద్దామని బయల్దేరాం. నేను, మా ఆయన, అమ్మ, మూడో తరగతి చదివే మా చిన్నోడు. ఓర్వకల్లు, యాగంటి, బెలుం, తాడిపత్రి, గుత్తి మీదుగా ఎర్రగుడి, అక్కణ్నుంచి పత్తికొండ దారిలో ఇంటికి.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ నంద్యాల హైవే పక్కనే ఉంది. మడుగుల చుట్టూ నిలబడ్డ బండలు చాలా బాగుంటాయి, కానీ ఎండెక్కితే ఆ రాళ్ల సెగ తట్టుకోలేం. పొద్దున్నే వెళ్లండి, గంట చాలు.

బనగానపల్లెలో వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని యాగంటి చేరాం. ఇక్కడి బసవన్న పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లని, చోటు చాలక ఒక స్తంభం కూడా తీసేశారని చెప్తారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందని మా అమ్మ నమ్మకం. చిన్నోడు నందికీ స్తంభానికీ మధ్య ఉన్న సందును జానతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. "పెద్దయ్యాక మళ్లీ వచ్చి కొలుస్తానవ్వా" అన్నాడు. అమ్మ వాడి తల నిమిరి కోనేటి వైపు తీసుకెళ్లింది.

ఈ రెండు రోజుల్లో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది బెలుం గుహలకే. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర మనం తిరగొచ్చు. 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982-83లో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. అక్కడ సన్నటి నీటి పాయ పారుతూ పారుతూ నేలలోకి దిగి కనబడకుండా పోతుంది. సప్తస్వరాల గుహలో గైడ్ వేళ్ల కణుపులతో రాతిని తట్టాడు. ఒక్కోచోట ఒక్కో మోత. మా చిన్నోడు చెవి ఆనించి చాలాసేపు కదల్లేదు. లోపల ఉక్క బాగా ఉంటుంది, అయిదు నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. నూలు బట్టలు వేసుకోండి, మంచినీళ్లు మర్చిపోవద్దు. కొన్నిచోట్ల వంగి నడవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను చివరిదాకా తీసుకెళ్లకండి. అమ్మను సగంలోనే కూర్చోబెట్టాం.

బెలుం నుంచి తాడిపత్రి దాకా కారు మెల్లగా పోనివ్వండి. నాపరాళ్ల నేల ఇది. చేలకు కంచె బదులు నిలువుగా పాతిన బండలు, ఇళ్ల మీద బండలు, పశువుల కొట్టానికీ బండలే. ఎవరూ టికెట్ పెట్టి చూపించరు గానీ, నాకు ఈ దారి బాగా నచ్చింది.

రాత్రి బస విషయంలో మాత్రం బాధపడ్డాం. ఫోన్లో ఏసీ రూమ్ అని డబ్బులు కట్టించుకున్న లాడ్జివాళ్లు, కరెంటు పోతే జనరేటర్ ఫ్యాన్‌కు మాత్రమే అన్నారు. ఒక్క రూపాయి తిరిగివ్వలేదు. బుక్ చేసే ముందు ఈ ఒక్క మాట అడగండి. ఆడవాళ్లున్న కుటుంబాలకు ఇంకో మాట: దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకడం కష్టం, పెట్రోల్ బంకు కనిపించినప్పుడే ఆగండి.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాం. పెన్న ఒడ్డున, పూర్తికాని గోపురాల మీద అంత సన్నటి చెక్కడం! చింతల వెంకటరమణుడి గుడిలో గరుడ మండపం రాతి రథంలా ఉంటుంది.

గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు ఎక్కాక తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో తలలు వంచుకుని నడిచే మనుషులు కనిపించారు. వజ్రాల వేట. తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒకామె కొంగులో మూటకట్టిన గులకరాళ్లు విప్పి మాకు చూపించింది. అందులో వజ్రం లేదని ఆమెకూ తెలుసు, అయినా పారేయలేదు. చేలల్లో దిగి వాళ్ల పనికి అడ్డం పడకండి, గట్టు మీంచి చూస్తే చాలు.

అక్కడికి దగ్గర్లోనే ఎర్రగుడి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఈ బండల మీద ఉన్నాయి, బ్రాహ్మీ లిపిలో. లోకం దృష్టికి వచ్చింది 1920ల చివర్లోనే. మేం వెళ్లినప్పుడు ఇంకెవరూ లేరు. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయని మా ఆయన చదివి చెప్తుంటే అమ్మ కింద చేను వైపు చూపించింది. అక్కడ ఎద్దులు ఒక సాలు పూర్తిచేసి వెనక్కి తిరుగుతున్నాయి. "ఇదీ అట్లా దున్నినట్టే రాసినారు కదరా" అంది. చిన్నోడు బండను ముట్టుకోకుండా, గాలిలో వేలితో ఆ వరుసల వెంట అటూ ఇటూ దున్నుకుంటూ పోయాడు. పొద్దు వాలుతున్నప్పుడు పక్కనుంచి పడే వెలుగులో అక్షరాలు బాగా కనబడ్డాయి. ఎర్రగుడికి సాయంత్రం నాలుగు తర్వాతే వెళ్లండి.