పెళ్లి బట్టలకు వరంగల్ వెళ్తున్నారా? ముందు బిల్లు వెనక చదవండి

6,800 పెట్టి కొన్న పట్టుచీరకు గంట తిరక్కుండానే లోపం బయటపడింది. పట్టుకుని వెనక్కి పోతే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు వెనక సన్నక్షరాలు చూపించారు. హనుమకొండలో నాలుగంతస్తుల అద్దాల షోరూమ్ అది. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నా.

మా అక్క బిడ్డ పెళ్లి. అక్క, బావ, పెళ్లిపిల్ల, నేను మంచిర్యాలలో రైలెక్కాం. ఇటువైపు నుంచి సికింద్రాబాద్ పోయే రైళ్లు కాజీపేట నుంచి అటే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్ తగలదు. కాజీపేటలోనే దిగాలి. హనుమకొండ చౌరస్తా దాకా ఆటో 250 అడిగి 180కి వచ్చాడు. లాడ్జి రూమ్ 1,100, శుభ్రంగానే ఉంది.

షోరూమ్‌లో మర్యాదలకు లోటు లేదు. కూల్‌డ్రింక్ ఇచ్చారు, కుర్చీలు వేశారు, సేల్స్ అమ్మాయి ఓపిగ్గా నలభై చీరలు పరిచింది. బావ మాత్రం మెట్ల దగ్గర కూర్చుని పది నిమిషాలకోసారి "అయిందా?" అంటూనే ఉన్నాడు. ఆ తొందరలోనే బిల్లు కట్టేశాం. లాడ్జికి వచ్చి పిల్ల చీర విప్పి భుజాన వేసుకుంటే, కొంగు అంచు పక్కన రెండు వేళ్ల మేర జరీ పోగులు తెగి దారాలు వేలాడుతున్నాయి. సరిగ్గా ఫొటోలో పడే చోటు. పిల్ల మొహం వాడిపోయింది.

వెనక్కి వెళ్తే ఫ్లోర్ ఇన్‌చార్జి చీర ముట్టుకోకుండానే "మీరు తీస్కపోయినంక దేనికో తగులుకొని ఉంటదమ్మా" అన్నాడు. ఫాల్ కుట్టించలేదు, ట్యాగ్ కూడా తీయలేదు, దేనికి తగులుకుంటుంది? కాసేపు వాదించాక డబ్బు బదులు క్రెడిట్ నోట్ ఇస్తామని, దాంతో అక్కడే 15 రోజుల్లో ఏదైనా కొనుక్కోవాలని బేరం పెట్టాడు. "పెళ్లి ముంగట లొల్లి ఎందుకే" అని అక్క నా చెయ్యి లాగింది. నేను కదల్లేదు. లోపమున్న సరుకు వాపసు తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల దాకా మనకు వాపసు అడిగే హక్కు ఉంటుంది. ఆ మాట చెప్పి, అక్కడే నిలబడి 1915కి ఫోన్ కలిపాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రింగ్ అవుతుండగానే పైనుంచి మేనేజర్ దిగాడు, టీ తెప్పించాడు, 6,800 ఫోన్‌పేలో వెనక్కి వచ్చింది. సంచికి తీసుకున్న 12 రూపాయలు మాత్రం రాలేదు. వాళ్ల పేరు అచ్చేసిన సంచి మనం డబ్బిచ్చి మోయాలట!

మర్నాడు వరంగల్ బట్టలబజార్‌కి పోయాం. ఏసీ లేదు, కుర్చీ లేదు, చెప్పులు విడిచి పరుపు మీద కూర్చోవాలి. కొట్టాయన అడక్కముందే ప్రతి చీర కొంగూ వెలుతురుకు ఎత్తి పట్టి "మంచిగ చూస్కో బిడ్డా, పెండ్లి చీర" అన్నాడు. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ కూడా తనే చూపించాడు. నిన్నటి దానికి ఏమాత్రం తీసిపోని చీర 7,000 చెప్పి 6,200కి ఇచ్చాడు. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు ఒక్కోటి 450 చొప్పున పన్నెండు తీసుకున్నాం. పొద్దున పదకొండు లోపు చేరుకోండి, ఆ తర్వాత సందులో కాలు పెట్టలేరు. కారు తీసుకుపోవద్దు.

అసలు నా మనసు పడింది వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడ మీద. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శన దాకా పోయాయి. ఇక్కడి శత్రంజీలకు, అంటే నూలు జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇంత పేరుండి కూడా ఆ వీధిలో ఒక బోర్డు సరిగా కనబడదు, అడుక్కుంటూ పోవాలి. ఒక ఇంట్లో పెద్దాయన గుంట మగ్గం మీద కూర్చుని రంగు నూలు చేత్తో దూరుస్తూ, ఇనుప గోళ్లున్న పంజాతో దబదబా కొట్టి పోగును దిగ్గొడుతున్నాడు. రెండు అంగుళాలు నేయడానికి మేం టీ తాగినంత సేపు పట్టింది. కొడుకు సూరత్ మిల్లులో పని చేస్తాడట. "ఈడ ఉంటే ఏమొస్తది" అన్నాడాయన, మగ్గం మీంచి చూపు తిప్పకుండానే.

కొనేటప్పుడు శత్రంజీని తిరగేసి చూడండి. డిజైన్ మగ్గం మీదే నేసిందైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసిందైతే వెనక వెలవెలబోతుంది. నాలుగు బై ఆరుది 1,250 చెప్పాడు. బేరమాడబోయిన బావను నేనే ఆపాను. షోరూమ్‌లో ధర గురించి నోరెత్తని మనిషికి ఇక్కడ యాభై రూపాయలు గుర్తొచ్చాయి!

బీట్‌బజార్‌లో చపాటా మిర్చి తీసుకున్నాం. టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, పచ్చళ్లకు రంగు బ్రహ్మాండం. దీనికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిలో రెండు కిలోల కోసం ఏనుమాముల మార్కెట్‌కి పోకండి, అక్కడంతా బస్తాల వ్యవహారం.

ఇక హాలుకు సరిపడే పెద్ద శత్రంజీ కావాలంటే ముందే చెప్పి నేయించుకోవాలి, సగం డబ్బు అడ్వాన్స్. అక్క తొమ్మిది బై పన్నెండుది ఒకటి చెప్పి వచ్చింది. ఆ సంగతి బావకు ఇంకా తెలీదు.