లో డిఫ్లెక్షన్ షాఫ్టా, మామూలు మేపుల్ షాఫ్టా?

తిరుపతిలో మాతో పూల్ ఆడే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. షాఫ్టు అంటే క్యూ (బంతిని కొట్టే కర్ర) ముందు భాగం, మేపుల్ అంటే ఒక రకం చెక్క.

క్యూబాల్‌ను, అంటే క్యూతో కొట్టే తెల్ల బంతిని, కుడి పక్కన కొడితే అది గురిపెట్టిన గీత మీద పోదు, కాస్త ఎడమకు జరుగుతుంది. కారణం క్యూ కొన దగ్గర కొన్ని అంగుళాల మేర ఉండే బరువు. లో డిఫ్లెక్షన్ షాఫ్టులో ఆ భాగాన్ని బోలుగానో, సన్నగానో, కార్బన్ ఫైబర్‌తోనో తేలిక చేస్తారు. పక్కకు జరగడం తగ్గుతుంది, పూర్తిగా పోదు. దీనివల్ల స్పిన్ పెరుగుతుందనేది అపోహ.

ఖర్చు: మేపుల్ చవక. పేరున్న కార్బన్ షాఫ్టు పదుల వేలల్లో ఉంటుంది.

శ్రమ: మేపుల్‌తో సైడ్ కొట్టేటప్పుడు, అంటే క్యూబాల్‌ను పక్కన కొట్టి స్పిన్ ఇచ్చేటప్పుడు, గురి ఎక్కువ సవరించుకోవాలి, రెండోదానితో తక్కువ. కానీ మారిన కొత్తలో చేయి పాత లెక్కే వేస్తుంది. నేను మారిన మొదటి వారం, ఎడమ సైడ్‌తో కొట్టిన దూరపు బంతి పాకెట్ అంచుకు తగిలి అక్కడే ఆగిపోయింది. గురి అలవాటు ప్రకారమే పెట్టాను, తప్పు అక్కడే.

రిస్క్: చెక్క తేమకు వంగొచ్చు, కార్బన్ వంగదు. ఏది కొన్నా జాయింట్ పిన్ (రెండు భాగాలను కలిపి బిగించే మర) మీ బట్‌కు, అంటే క్యూ వెనక భాగానికి, సరిపోవాలి, ముందే చూసుకోండి.

ఇప్పుడిప్పుడే నేర్చుకుంటూ క్యూబాల్‌ను మధ్యలోనే కొట్టేవాళ్లకు రెండూ దాదాపు ఒకటే, కాబట్టి మేపుల్ తీసుకుని మంచి టిప్ (క్యూ కొనకు అంటించే తోలు ముక్క) వేయించండి. పార్లర్ క్యూలతోనే ఆడేవాళ్లకూ ఈ ఖర్చు వద్దు. సొంత క్యూతో రోజూ ఆడుతూ, దూరం నుంచి సైడ్ పెట్టే షాట్లు తప్పుతున్నవాళ్లు మాత్రం లో డిఫ్లెక్షన్ కొనొచ్చు, రెండు నెలలు దాన్నే వాడాలి.