ఎపిక్ సర్టిఫికేషన్ ఇప్పిస్తామంటారు, నమ్మి డబ్బు కట్టకండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. గంట క్రితమే ఫోన్ పెట్టేశాను. పెట్టేశాను అనడం కూడా తప్పే, వాళ్లే కట్ చేశారు.

ఆ కోర్సు అమ్మిన ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. "వైద్య రంగంలో ఉన్నారా? ఆరు నెలల్లో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లోకి మారండి" అనే యాడ్, ల్యాప్‌టాప్ మీద స్టెతస్కోప్ పెట్టిన బొమ్మ, మీలో చాలామందికి కనపడే ఉంటుంది. వాళ్లే. పదకొండేళ్లుగా వార్డులో నర్సుని. నడుం పోయింది, నైట్ డ్యూటీలు ఇక నా వల్ల కాదు, ఆసుపత్రి సమాచారాన్ని కంప్యూటర్‌లో చూసుకునే ఈ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ లాంటి, కూర్చుని చేసే పనైతే బాగుండు అనుకున్నాను. మిగతా కథ మీకు తెలిసిందే. ఫీజు నా మూడు నెలల జీతం. ఒకేసారి కడితే డిస్కౌంట్ అన్నారని ఒకేసారే కట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కట్టడానికి కారణం ఒక్కటే. యాడ్‌లో పెద్ద అక్షరాలతో "ఎపిక్ సర్టిఫికేషన్" అని ఉంది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో రోగుల రికార్డులు నడిచే సాఫ్ట్‌వేర్ అది, ఆ సర్టిఫికెట్ కావాలని అడిగే ఉద్యోగ ప్రకటనలు చాలానే చూశాను. కౌన్సిలర్ అబ్బాయిని మూడుసార్లు అడిగాను, నిజంగా అదే ఇస్తారా అని. "అక్కా, మీకెందుకక్కా టెన్షన్, అంతా మేం చూసుకుంటాం కదా" అన్నాడు. మూడుసార్లూ అదే మాట. ఆ మాట కాస్త మెయిల్‌లో రాసి పంపు బాబూ అని ఒక్కసారీ అనలేదు నేను. మందు ఇచ్చే ముందు పేరు, చేతి పట్టీ, మోతాదు రెండేసి సార్లు సరిచూసుకునే మనిషిని. డబ్బు ఇచ్చేటప్పుడు ఆ బుద్ధి ఎటు పోయిందో.

క్లాసుల గురించి ఎక్కువ చెప్పను. జబ్బులకి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన ఐసీడీ-10 కోడ్‌లు స్లయిడ్ చూసి చదివేవాడు క్లాసు చెప్పే ఆయన. దాని తర్వాతి ఐసీడీ-11 2022 జనవరి నుంచే అమల్లోకి వచ్చింది కదా సార్ అంటే "మన సిలబస్‌లో లేదు" అన్నాడు. ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి రోగి సమాచారం వెళ్లడానికి ఇప్పుడు వాడే ఫైర్ (FHIR) ప్రమాణానికి ఒకే ఒక్క స్లయిడ్. ల్యాబ్ పరీక్షలకి లాయింక్ కోడ్‌లు, జబ్బులకీ లక్షణాలకీ స్నోమెడ్ కోడ్‌లు ఎందుకు వేరువేరుగా ఉన్నాయి అని అడిగితే, రెండూ ఒకటేనట! అప్పుడే లేచి రావాల్సింది.

"లైవ్ ప్రాజెక్ట్" అని ఊదరగొట్టింది తీరా చూస్తే ఒక ఎక్సెల్ షీట్. అందులో ఒకావిడకి రక్తంలో పొటాషియం 45 అని ఉంది. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. 7 చూస్తేనే మేం ఈసీజీ మెషిన్ కోసం పరిగెడతాం. 45 ఉన్న మనిషి మన మధ్య ఉండదు. 4.5లో మధ్య చుక్క ఎగిరిపోయినట్టుంది సార్ అన్నాను. "మేడమ్, మీరింకా నర్సులాగే ఆలోచిస్తున్నారు. డేటా అనలిస్ట్‌లా ఆలోచించండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా ఖర్మ. ఆ 45 అలాగే ఉంచి సగటు తీసి రంగురంగుల గ్రాఫ్ వేశాం. ఆ చుక్కని పట్టుకోవడానికే ఈ రంగంలోకి నర్సుల్నీ, ల్యాబ్ వాళ్లనీ, ఫార్మసిస్టుల్నీ తీసుకుంటారన్న సంగతి నాకే గుర్తు రాలేదు ఆ క్షణాన.

ఇక ఇవాళ్టి ఫోన్. వచ్చే వారం కోర్సు అయిపోతుంది, ఎపిక్ పరీక్ష ఎప్పుడు అని అడిగాను. అదే అబ్బాయి.

"దానికి మీ ఎంప్లాయర్ స్పాన్సర్ చేయాలి మేడమ్."

అర్థమైందా? ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రో, వాళ్లతో పనిచేసే కన్సల్టింగ్ కంపెనీయో పంపితేనే ఆ ట్రైనింగ్, ఆ పరీక్ష. బయటి మనిషి సొంత డబ్బు పెట్టి కొనుక్కునేది కాదు. ఏ ఇన్‌స్టిట్యూట్ కూడా అమ్మగలిగేది కాదు. మరి యాడ్‌లో ఎలా వేశారు అన్నాను. "ఎపిక్ సర్టిఫికేషన్ ఓరియెంటేషన్ అని కింద ఉంది మేడమ్, చూడండి." చూశాను. ఉంది. నక్షత్రం గుర్తు పెట్టి, అడుగున, భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. "పదకొండేళ్లు హాస్పిటల్‌లో చేశానంటారు, ఈ మాత్రం తెలియదా మేడమ్?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. డబ్బు కట్టేదాకా నేను అక్కని, అకౌంట్‌లో పడ్డాక మేడమ్‌ని. నాకు నోరు పెగల్లేదు. అన్నిటికన్నా మండేది ఏంటంటే, అతను అన్నది నిజం. తెలియాల్సింది. ఎపిక్ కంపెనీ సైట్ తెరిచి పది నిమిషాలు చదివినా తెలిసేది. రిఫండ్ మాట ఎత్తగానే "సగం క్లాసులు అయ్యాక ఉండదు, మీరు సంతకం పెట్టారు" అని కట్ చేశాడు.

సరే, మారాలనుకుంటున్న వాళ్లకి రెండు ముక్కలు. ఏ సర్టిఫికెట్ పేరు చెప్పినా, అది ఇచ్చే సంస్థ సైట్‌లోకే వెళ్లి ఎవరు రాయొచ్చో చూసుకోండి. ఫైర్ ప్రమాణం మొత్తం నెట్‌లో ఉచితంగా ఉంది, ఐసీడీ-11 కూడా డబ్ల్యూహెచ్‌ఓ సైట్‌లో ఉచితమే. ప్రాక్టీస్‌కి కల్పిత రోగుల రికార్డులు తయారుచేసే సింథియా అనే ప్రోగ్రామ్ ఉంది, అదీ ఉచితమే. వీటి గురించి నాకు తెలిసింది ఈ వారంలోనే, డబ్బంతా పోయాక.

ఇంకోటి. మీ ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతూ సూపర్ యూజర్‌గా, అంటే దాన్ని ముందే నేర్చుకుని తోటివాళ్లకి సాయపడే మనిషిగా, ఉంటారా అని అడిగితే ఉండండి. రెండేళ్ల కిందట నన్నే అడిగారు. జీతం పెంచకుండా అదనపు చాకిరీ ఏంటని తప్పించుకున్నాను. నా బదులు ఒప్పుకున్న అమ్మాయి ఇప్పుడు మా ఐటీ విభాగంలోనే పనిచేస్తోంది. రేపు వెళ్లి తనని అడగాలి, మొహం చెల్లితే.