‘తీసేసి మళ్లీ వేసుకోండి మేడమ్’ అంటే మాత్రం తీసేయకండి

క్రోమ్ బ్రౌజర్ మూలన ఊదా రంగు సంచీ బొమ్మతో కూర్చుంటుందే, ఆ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) గురించే. అనువాదాలు చేసేవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. ‘మీ పదకోశం మీ వెంటే’ అని ఊదరగొట్టి జీవితకాల ప్లాన్ అమ్మింది. 2022లో 6,499 రూపాయలు కట్టాను. మారతహళ్లి గదిలో ఉన్నా, కోరమంగళ అద్దె టేబుల్ దగ్గర ఉన్నా, పండక్కి అనంతపురం వెళ్లి తమ్ముడి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా నా 2,300 పదాలు కళ్ల ముందు ఉండేవి. మొన్నటిదాకా బాగానే నడిచింది, అబద్ధం ఎందుకు.

నిన్న మధ్యాహ్నం పదకోశం తెరుచుకోలేదు. సాయంత్రం ఆరింటికి వైద్య పరికరాల మాన్యువల్ అప్పగించాలి. వాళ్ల చాట్‌లో అడిగితే రెండు నిమిషాల్లో జవాబు: ‘ఎక్స్‌టెన్షన్ ఒకసారి తీసేసి మళ్లీ వేసుకోండి మేడమ్.’ నా సమాచారం పోదు కదా అని అడిగాను. అవును, అడిగాను, స్క్రీన్‌షాట్ ఉంది. ‘మీ ఖాతా భద్రంగా ఉంది మేడమ్’ అన్నాడు. ఇల్లు భద్రంగానే ఉందమ్మా, సామాను సంగతి మాత్రం అడక్కు అన్నట్టు! మాటల మీద బతికేదాన్ని, ఆ తేడా పట్టుకోలేకపోయాను. ఖాతా అన్నాడు, పదకోశం అనలేదు.

తీసేశాను. వేసుకున్నాను. లాగిన్ అయ్యాను. బెలూన్ల బొమ్మ, కింద ‘మీ మొదటి పదం చేర్చండి’.

అప్పుడు చెప్పాడు మహానుభావుడు. మార్చి నుంచి పాత ప్లాన్‌కు క్లౌడ్, అంటే వాళ్ల సర్వర్లలో దాచిపెట్టడం, లేదట, పదాలన్నీ నా బ్రౌజర్‌లోనే ఉండేవట. తీసేస్తే పోతాయని తెలిసి ఎందుకు తీసేయమన్నావు? ‘సాధారణంగా అదే పనిచేస్తుంది మేడమ్.’ మరి జీవితకాలం? ‘అది ఆ ప్లాన్ జీవితకాలం మేడమ్.’ పక్కన ఒక పువ్వు బొమ్మ. ఆ పువ్వు దగ్గరే నాకు కన్నీళ్లు వచ్చాయి.

మార్చి మెయిల్ వెతికితే నిజంగానే ఉంది, ప్రకటనల గుట్ట కింద. పాత క్లౌడ్ ప్రతులు 90 రోజుల్లో చెరిపేస్తామని పదకొండో పేరాలో రాశారు. ఊళ్లోవాళ్ల నిబంధనలు పదానికింత అని లెక్కగట్టి తెలుగు చేస్తాను, నావి నేను చదవలేదు. పైగా కంపెనీ నిరుడే చేతులు మారింది, అదీ తెలుసు. ది గ్రేట్ సస్పెండర్ అనే ఇంకో క్రోమ్ ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారడం, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేయడం నలుగురికీ కథలా చెప్పింది కూడా నేనే.

తమ్ముడి ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. సంక్రాంతికి అక్కడే పనిచేశాను, అప్పటిదాకా చేర్చినవైనా దొరుకుతాయి. ఫోన్ చేసి నా ప్రొఫైల్ తెరవమన్నాను. ‘సంచీ బొమ్మ ఉందక్కా’ అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ‘అయ్యో, ఇప్పుడే మాయమైంది.’ క్రోమ్‌లో సింక్ (అన్ని కంప్యూటర్లనూ ఒకేలా ఉంచే ఏర్పాటు) ఉంటే ఒక కంప్యూటర్‌లో తీసేసిన ఎక్స్‌టెన్షన్ మిగతావాటిలోనూ పోతుంది, అది దాచుకున్నదీ దానితోపాటే పోతుంది. నెట్ ఆపి తెరవరా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే!

ఈ ఉదయం బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణానికి నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. పాత హార్డ్‌డిస్క్ అయితే ప్రయత్నించేవాణ్ణి, మీ ల్యాప్‌టాప్‌లోది కొత్తరకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ, చెరిపిన చోటు తనే శుభ్రం చేసేసుకుంటుంది, డబ్బు దండగ అన్నాడు. వీళ్లందరిలో నిజం చెప్పింది అతనొక్కడే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, చూడాలి.

ఆ సంచీ ఇంకా వాడుతున్నవాళ్లు ఈ రాత్రికే పదకోశాన్ని ఫైలుగా దించుకోండి. తెరుచుకోకపోతే దేన్నీ తీసేయకుండా, క్రోమ్ మూసి, క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోని ‘లోకల్ ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్’ (Local Extension Settings) ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టుకోండి. ఇది నాకు ఇవాళ తెలిసింది.

మాన్యువల్ రాత్రి పదకొండింటికి పంపాను. పొద్దున్నే క్లయింట్ మెయిల్: ‘పోయిన నెల కాథెటర్ అన్నారు, ఈసారి గొట్టం అని ఎందుకు రాశారు?’ ఏమని చెప్పను? ఇప్పటికి 140 పదాలు గుర్తుకొచ్చాయి.