అనంతపురంలో కారు ఆడియో ఫిట్టింగ్: డోర్ల పని భేష్, వైరింగ్ నాసి

అనంతపురంలో ఒక షాపులో కారుకు వేయించిన సెట్టు ఇది: ముందు డోర్లకు 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేవి; ట్వీటర్ అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్), డిక్కీలో లోతైన బేస్ కోసం 10 అంగుళాల సబ్‌వూఫర్, 4 ఛానళ్ల ఆంప్లిఫయర్. చిన్న కారుకు ఈ సెట్టు చాలు. ఈ షాపులో డోర్ల పని చక్కగా చేశారు: స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు, రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు. అవి లేకుంటే బేస్ డోర్లోనే చచ్చిపోతుంది.

వైరింగే నిరాశ. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు వేశారు. 4 గేజ్ (వైరు మందం కొలత) అసలు రాగిదే కావాలని గట్టిగా అడగండి. ఫ్యూజు ఆంప్లిఫయర్ పక్కన పెట్టారు. అది బ్యాటరీకి మూరెడు లోపే ఉండాలి, దారిలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే మంటలే. ఆంప్లిఫయర్ ఎర్త్ వైరును బాడీకి బిగించే బోల్టు కింద పెయింటు గీకలేదు, ఇంజను రేజ్ చేస్తే స్పీకర్లలో కుయ్యిమని కూత. గీకి, మెరిసే రేకుకు బిగిస్తే పోయింది. క్రాస్ఓవర్ (బేస్‌ను సబ్‌వూఫర్‌కి, మిగతాది డోర్ స్పీకర్లకి పంచే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఆంప్లిఫయర్ మీది గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో పెట్టే నాబ్) మాత్రం పూర్తిగా తిప్పనివ్వకండి, ట్వీటర్లు కాలిపోతాయి.