సినిమా కార్ల నమూనాలు: విశాఖలో డైకాస్ట్ మేలా, కిట్ మేలా?

సినిమాల్లోనూ టీవీ సీరియళ్లలోనూ చూసి ఇష్టపడిన వాహనాల నమూనాలను కొత్తగా సేకరించడం మొదలుపెట్టినవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బుతో 1:18 స్కేలు, అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు పొడవున లోహంతో పోత పోసిన డైకాస్ట్ కారు ఒకటి కొనుక్కోవాలా, లేక 1:24 లేదా 1:25 స్కేలులో విడి భాగాలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్లు రెండు తెచ్చుకుని స్వయంగా అమర్చుకోవాలా? గత నెలలో ఇదే ప్రశ్న నాకూ ఎదురైంది. 1984 నాటి ‘ఘోస్ట్‌బస్టర్స్’ సినిమాలోని ఎక్టో-1, అంటే 1959 నాటి క్యాడిలాక్ ఆంబులెన్స్‌ను మార్చి చేసిన ఆ తెల్లని వాహనం, నా అద్దాల బీరువాలో లేదన్న వెలితి చాలాకాలంగా ఉంది. పది రోజులు ఆలోచించి చివరకు కిట్టే తెప్పించుకున్నాను. అలా ఎందుకు నిర్ణయించుకున్నానో చెప్పే ముందు డైకాస్ట్ గొప్పతనాన్ని న్యాయంగా ఒప్పుకోవాలి.

లోహపు నమూనాను చేతిలోకి తీసుకున్నప్పుడు తెలిసే బరువును ఏ ప్లాస్టిక్ బొమ్మా ఇవ్వలేదు. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమాల్లో కాలంలో ప్రయాణించే డెలోరియన్ కారు అసలు పొడవు సుమారు 4.27 మీటర్లు. 1:18లో అది దాదాపు 24 సెంటీమీటర్లకు వస్తుంది, 1:24లో 18 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పైకి లేచే ఆ రెక్కల తలుపులను తెరిచి, లోపలి మీటర్లను, సీట్ల వెనుక అమర్చిన పరికరాలను వంగి చూడటంలోని ఆనందం పెద్ద స్కేలులోనే పూర్తిగా దక్కుతుంది. పైగా అది పెట్టెలోంచి తీసిన క్షణంలోనే సిద్ధంగా ఉంటుంది. ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి పనుల మధ్య నెల రోజుల సాయంత్రాలను ఒక కిట్టుకు కేటాయించలేనివారికి ఇది చిన్న విషయం కాదు.

అయినా మన ఊళ్లో ఈ ప్రశ్నను తేల్చేది బరువు కాదు, తలుపులు కాదు, చివరకు ధర కూడా కాదు. తేల్చేది సముద్రపు గాలి. నేనుండేది విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించకపోతే తుప్పు పెచ్చులుగా ఊడి వస్తుందని ఈ వైపు ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. అదే గాలి బీరువాలోకీ వెళుతుందన్న సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. నాలుగేళ్ల కిందట ఒక నల్లని 1:18 కారును, పెట్టె నలగకూడదన్న జాగ్రత్తతో, అది వచ్చిన పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని కూడా విప్పకుండా అటకమీద దాచాను. రెండు వర్షాకాలాలు గడిచాక తీసి చూస్తే బానెట్ మీద ఆవగింజలో సగం కూడా లేని పొక్కులు గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. వేలితో తడిమితే గరుకు కాగితాన్ని తాకినట్టే ఉంది. వెల్లకిలా తిప్పితే అడుగు పలకను పట్టి ఉంచే నాలుగు మరల్లో రెండింటి తలలు గోధుమ రంగుకు తిరిగాయి. స్క్రూడ్రైవర్ ఆనించి తిప్పగానే ఒకదాని గాడి పొడిగా రాలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

జరిగింది ఇదీ. పెయింటుకు అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ కాగితం కింద తేమ చిక్కుకుని, బయటికి పోయే దారిలేక, పెయింటు పొరలోకే ఇంకి దాన్ని ఉబ్బించింది. పొక్కుల వరకైతే పెయింటు గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. అంతకన్నా భయపడవలసినది లోహానికే పట్టే జబ్బు. డైకాస్ట్ బొమ్మలను జింక్‌లో సుమారు 4% అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమంతో పోత పోస్తారు. ఆ మిశ్రమంలో సీసం వంటి మాలిన్యం మోతాదు మించి కలిసిందంటే, వేడి తేమ గాలిలో లోహపు రేణువుల మధ్య సందులు లోపలినుంచే తినుకుపోయి, శరీరం ఉబ్బి, నెర్రెలు బారి, ముక్కలవుతుంది. సేకరణకారులు జింక్ పెస్ట్ అనే ఈ జబ్బుకు మందు లేదు. బొమ్మ కొనేటప్పుడు అది పోత పోసిన లోహం శుద్ధమైనదో కాదో తెలుసుకునే దారి కూడా మనకు లేదు. ఇక కిట్లు తయారయ్యే పాలిస్టైరీన్‌ను ఉప్పూ తేమా ఏమీ చేయలేవు. పదకొండేళ్ల కిందట నేను అమర్చిన మొదటి కిట్ అదే బీరువాలో, అదే గాలిలో, ఒక్క పొక్కు కూడా లేకుండా ఉంది.

కిట్ వైపు మొగ్గడానికి నాకున్న రెండో కారణం తెర మీది వాహనాల స్వభావంలోనే ఉంది. మామూలు కారు నమూనా అయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుతో సరిపోల్చి చూస్తే చాలు. సినిమా కారు అలా కాదు, అది కథతోపాటు మారుతుంది. డెలోరియన్‌నే తీసుకోండి: మొదటి భాగంలో పిడుగును అందుకోవడానికి వెనుక నిలబెట్టిన కొక్కెపు కడ్డీ, ఆ భాగం చివరిలో వచ్చి చేరిన చెత్తను ఇంధనంగా వాడే యంత్రం, మూడో భాగంలో తెల్ల అంచు టైర్లు, బానెట్ మీద బిగించిన పాత రేడియోల్లో ఉండేలాంటి వాల్వుల పెట్టె, ఇవన్నీ వేర్వేరు దశలు. సిద్ధంగా దొరికే బొమ్మ తయారీదారు ఎంచుకున్న దశలోనే ఉంటుంది. కిట్‌లోనైతే మీ మనసులో నిలిచిపోయిన దృశ్యంలోని కారును మీరే నిలబెట్టుకోవచ్చు, చక్రాలకు దుమ్ము కూడా పట్టించవచ్చు. మన పాత సినిమాల్లోని తెల్ల అంబాసిడర్ మీద ఇష్టం ఉన్నవారికీ ఈ పనితనమే దిక్కు. ఒక సాదా అంబాసిడర్ బొమ్మను విప్పి, రంగు మార్చి, ఎర్ర దీపమూ నంబరు పలకా చేసి అమర్చడం కిట్లు చేసిన చేతికే వస్తుంది.

అలాగని కిట్‌కు మన వాతావరణంతో పేచీ లేదని అనలేను. ఘాటైన ద్రావకంతో కలిపే లాకర్ పెయింట్లను ఉక్కపోత రోజున స్ప్రే చేస్తే, ద్రావకం త్వరగా ఆవిరై ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి, మెరవవలసిన పెయింటు పొగమంచు పట్టినట్టు తెల్లగా పాలిపోతుంది. అందుకే నేను అమర్చే పని ఎప్పుడు చేసినా, పెయింటు మాత్రం ధనుర్మాసం మొదలుకొని శివరాత్రి లోపు, పొడిగా ఉన్న మధ్యాహ్నం వేళల్లోనే వేస్తాను. రెండో ఇబ్బంది టైర్లది. కిట్లలో వచ్చే మెత్తని వినైల్ టైర్లలోంచి నూనె వంటి పదార్థం ఊరి, అవి తగిలిన పాలిస్టైరీన్ చక్రాన్ని క్రమంగా కరిగించేస్తుంది. టైరు తొడిగే ముందు చక్రం అంచుకు పలుచని అల్యూమినియం రేకు చుడితే ఈ బాధ ఉండదు. ఈ రెండు లోపాలనూ మన జాగ్రత్తతో దాటవచ్చు. జింక్ పెస్ట్‌ను ఏ జాగ్రత్తా దాటించలేదు. నా తూకం కిట్ వైపు మొగ్గింది ఇక్కడే.

ఖర్చు గురించి ఒక మాట. బొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20% నుంచి 60%కి, 2023లో 70%కి పెరిగింది. స్కేలు నమూనాలు కూడా ఆ పద్దులోనివే కాబట్టి, విదేశం నుంచి తెప్పించుకుంటే డైకాస్ట్‌కైనా కిట్‌కైనా దెబ్బ తప్పదు. పెద్ద కారుకు అసలు ధరే ఎక్కువ కనుక ఆ దెబ్బ పెద్దది, అంతే తేడా.

మిగిలిన స్కేళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1:43 స్కేలు, అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన చేసే బ్రిటిష్ ఓ గేజ్ రైలు బొమ్మల నుంచి వచ్చింది. చోటు తక్కువగా ఉన్న ఫ్లాటులో ఒకే వరుసలో ఇరవై కార్లు పెట్టుకోవాలనుకునేవారికి అది సరిపోతుంది. కోర్గీ సంస్థ 1965లో విడుదల చేసిన జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్ దాదాపు ఆ పరిమాణానిదే. సినిమాలో వెండి రంగులో ఉన్న కారును బంగారు రంగులో చేసినా, సీటు ఎగిరిపడే ఆ బొమ్మను ఇప్పటికీ వెతుక్కుని కొనేవారున్నారు. గట్టిపడే ద్రవ ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి చేసే రెజిన్ నమూనాలు తుప్పు పట్టవు, గీతలు పదునుగా ఉంటాయి, కానీ వాటిలో చాలావాటికి తలుపులు తెరుచుకోవు, కింద పడితే సన్నని భాగాలు పుటుక్కున విరిగిపోతాయి. 1:64 చిన్న కార్లు పిల్లలతో కలిసి సేకరించుకోవడానికి బాగుంటాయి.

ఇంత చెప్పాక కూడా మీ మనసు 1:18 డైకాస్ట్ మీదే ఉంటే తప్పక కొనండి, కానీ దాన్ని పెట్టెలో బంధించకండి. వచ్చిన రోజే ప్లాస్టిక్ కాగితం విప్పేసి, పెయింటుకు తగిలేలా స్పాంజి ఉంటే అదీ తీసేసి, బిగుతుగా మూసుకునే అద్దాల బీరువాలో పెట్టండి. మూలల్లో తేమను పీల్చే నీలి రంగు సిలికా జెల్ గుళికలను పలుచని గుడ్డలో మూటకట్టి ఉంచండి. మా ఇంట్లో జూలై, ఆగస్టు నెలల్లో అవి పది పన్నెండు రోజులకే గులాబీ రంగుకు తిరుగుతాయి. వంటకు వాడని పాత మూకుడులో సన్నని సెగ మీద మళ్లీ నీలంగా మారేవరకు వేడి చేసి తిరిగి పెడతాను. తేమను చూపే చిన్న మీటరు ఒకటి లోపల ఉంచితే అది 50% దాటినప్పుడల్లా మీకే తెలుస్తుంది.

నా ఎక్టో-1 విషయానికొస్తే, శరీరం ముక్కలు అతికి సాపు చేయడం పూర్తయింది. పైకప్పు మీది సామాను కొన్ని వేరుగా సీసాలో పెట్టి ఉంచాను. తెలుపు పెయింటు వేయడానికి ధనుర్మాసం కోసం ఎదురుచూస్తున్నాను.