58 ఏళ్ల ముంగిట ‘వారానికి మూడు రోజులు’ ఆఫర్: తీసుకోదగ్గదేనా?

రిటైర్మెంటు దగ్గరపడ్డ సీనియర్‌తో ప్రైవేటు కంపెనీ తరచూ అనే మాట ఇది: “పూర్తిగా వెళ్లిపోకండి సార్, వారానికి మూడు రోజులు రండి చాలు.” ఈ మాట వెనక రెండు వేర్వేరు సరుకులున్నాయి. ఒకటి, రోల్స్‌లోనే, అంటే కంపెనీ ఉద్యోగిగానే ఉంచి రోజులు, జీతం తగ్గించడం. రెండోది, రిటైర్ చేసి కన్సల్టెంట్‌గా రిటైనర్ మీద, అంటే జీతం కాకుండా ఫీజు మీద తీసుకోవడం. హెచ్‌ఆర్ వాళ్లు రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే కాఫీ మీద చెప్పేస్తారు. సంతకం పెట్టేముందు మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోవాలి.

రోల్స్‌లో ఉంచే పద్ధతి పైకి భద్రంగా కనిపిస్తుంది. పీఎఫ్ ఆగదు, గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది, ఐడీ కార్డు మారదు. దెబ్బ తగిలేది గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తంలో. ఆ లెక్క చివరి జీతం మీద నడుస్తుంది: చివరి బేసిక్, డీఏ కలిపి 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. బేసిక్, డీఏ 60,000 ఉండి 24 ఏళ్లు పనిచేసినవారు ఇవాళ రిటైరైతే 8,30,769 రూపాయలు వస్తాయి. అదే మనిషి వారానికి ఐదు రోజుల నుంచి మూడు రోజులకు మారి, 36,000 మీద మరో రెండేళ్లు చేస్తే చేతికొచ్చేది 5,40,000. రెండేళ్లు ఎక్కువ పనిచేసి 2,90,769 పోగొట్టుకున్నట్టు. తగ్గిన జీతం ఆ రెండేళ్లకే కాదు, వెనకటి 24 ఏళ్లకూ వర్తించడమే కారణం.

దీనికి మందు ఉంది. 58కి రిటైర్మెంటు తేదీ ఉంటే, ఆ రోజున రిలీవింగ్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (గ్రాట్యుటీతో సహా బకాయిలన్నీ) తీసుకుని, మర్నాటి నుంచి కొత్త ఆర్డర్ మీద చేరాలి. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (వాడని సెలవులకు డబ్బు) కూడా అప్పుడే తీసుకుంటే 25 లక్షల పరిమితి వరకు పన్ను మినహాయింపుకి అవకాశం ఉంటుంది. సర్వీసులో ఉండగా తీసుకుంటే పన్ను పడుతుంది. కొత్త ఆర్డర్ ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి ఉద్యోగం) అయితే ఇంకా మేలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. 55, 56లోనే రోజులు తగ్గించుకునేవారికి ఈ దారి లేదు. “ఇప్పటివరకు ఉన్న సర్వీసుకు పాత పూర్తి జీతం మీదే గ్రాట్యుటీ లెక్కిస్తాం” అని ఒప్పందంలో రాయించుకోవాలి. చట్టం కంటే మెరుగ్గా ఇవ్వడానికి కంపెనీకి అడ్డేమీ లేదు. నోటిమాటకు మాత్రం విలువ లేదు. ఆ మాట ఇచ్చిన మేనేజరు రెండేళ్ల తర్వాత అక్కడ ఉంటారన్న భరోసా లేదు.

పెన్షన్ గురించి అంత కంగారు అక్కర్లేదు. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు నడిచే పెన్షన్ పథకం) లెక్కలో మామూలుగా జీతం పరిమితి 15,000. తగ్గించాక కూడా బేసిక్ అంతకు పైనే ఉంటే పెన్షన్ తగ్గదు. కిందికి దిగితేనే చివరి 60 నెలల సగటు పడుతుంది. 58 దాటాక పేరోల్ వాళ్లు పాత అలవాటు కొద్దీ కంపెనీ వాటాలోని 8.33 శాతాన్ని ఈపీఎస్‌కే పంపుతూ ఉంటే, పెన్షన్ దరఖాస్తు దగ్గర కొర్రీ పడి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. పెన్షన్ వాయిదా వేసుకోనివారి విషయంలో కంపెనీ వాటా మొత్తం 12 శాతం పీఎఫ్‌కే వెళ్లాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో 58 నిండిన తర్వాతి నెల ఎంట్రీ ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది. జీతం నడుస్తుంది కాబట్టి పెన్షన్‌ను 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది.

రిటైనర్ సంగతి వేరు. ఇక్కడ బేరమంతా రోజు రేటులోనే. 12 లక్షల సీటీసీ (కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం జీతం ఖర్చు) ఉన్నవారికి కొందరు నెల లక్షను 30తో భాగించి 3,333 అంటారు. ఇది ఒప్పుకోకండి. 22తో భాగిస్తే 4,545. అసలు సరైన లెక్క: ఏడాదిలో శని, ఆదివారాలు పోను 261 రోజులు, అందులో 18 సెలవులు, 10 పండగలు తీస్తే మిగిలేవి 233. పన్నెండు లక్షలను 233తో భాగిస్తే 5,150. కన్సల్టెంట్‌కి జీతంతో కూడిన సెలవు ఉండదు కాబట్టి ఈ రేటే న్యాయం. దీనికంటే తక్కువకు దిగితే అనుభవాన్ని డిస్కౌంట్‌లో అమ్మినట్టే.

బిల్లు పేరోల్‌లో కాదు, వెండర్ పేమెంట్లలో పడుతుంది. ఒకటో తారీఖు జీతానికి అలవాటుపడ్డ ఇంటికి ఇది పెద్ద ఇబ్బంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉచితం. అది ఉంటే ఒప్పందంలో ఏం రాసుకున్నా కంపెనీ మీ బిల్లును 45 రోజులు మించి ఆపకూడదు. మామూలుగా 10 శాతం టీడీఎస్ కోస్తారు. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు వచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఈ ఫీజుకు రాదు. అయితే ఇంజినీర్లు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే అందులో సగమే ఆదాయంగా చూపే వీలుంది. రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు.

అన్నిటికంటే ప్రమాదం ఇన్సూరెన్స్. రోల్స్ నుంచి తప్పుకోవడంతోనే మామూలుగా గ్రూప్ కవర్ పోతుంది. షుగరు, బీపీ ఉన్న 58 ఏళ్ల మనిషి కొత్త పాలసీకి వెళితే పాత జబ్బులకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టాలి. గ్రూప్‌లో ఎన్నేళ్లుగా ఉన్నారో హెచ్‌ఆర్ నుంచి లెటర్ తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్‌లో ఆ ఏళ్లు కలిసొస్తాయి. ఈ పని అవకుండా రిటైనర్ మీద సంతకం పెట్టవద్దు.

మా తీర్పు: రిలీవ్ అయ్యాక ఫిక్స్‌డ్ టర్మ్‌కు ఐదుకు నాలుగు మార్కులు. సొంత ఇన్సూరెన్స్ ఉన్నవారికి రిటైనర్ మూడున్నర. గ్రాట్యుటీ రక్షణ రాయని రోల్స్ ఒప్పందానికి ఒకటి.

అడగడం ఆర్నెల్ల ముందు మొదలుపెట్టండి, ముందు హెచ్‌ఆర్‌ని కాదు, డిపార్ట్‌మెంట్ హెడ్‌ని. ఒక్క పేజీ చాలు: ఏ పనులు మీరే చూస్తారు, ఏవి ఎవరికి ఎప్పటికి నేర్పుతారు. ఒప్పందంలో ‘మూడు రోజులు’ అని కాకుండా ‘సోమ, మంగళ, గురు’ అని పేర్లతో రాయించండి. మిగతా రోజుల్లో గంట దాటిన కాల్‌ని అరపూట పనిగా లెక్కగట్టాలనీ, రెండువైపులా 30 రోజుల నోటీసు ఉండాలనీ అందులోనే చేర్చండి.